ఖాళీ పుట్టి మాటినదు

పదకొండేండ్లు ట్రాలీ ఆటో నడిపిన.
కొల్లాపూర్ మార్కెట్టు కాడ
మామిడికాయ గంపలు ఇంకెన్ని పడ్తయో
టైరు ఉబ్బు జూసి చెప్పెటోణ్ని.
ఫైనాన్సోళ్లు బండి గుంజుకపోయిన్నాడు
తాళంచెయ్యి ఇచ్చేసిన.
దానికున్న తోలు ఏనుగొక్కటి
జేబుల మిగిలింది.

తిమ్మక్కతోని చెప్పిన,
బరువు సంగతి నాకెరికే,
నీళ్ల సంగతొక్కటి చెప్పమని.
ఆమె నవ్వలే.
పుట్టిని బోర్లేసి చూపిచ్చింది.
వెదురు అల్లిక, ఎరువుల సంచుల పట్ట,
పైన తారు,
పగిలిన కాడ మళ్లా తారు.
"ముందుగాల నెత్తిన పెట్టుకో."

నెత్తిన పెట్టుకుంటే
లోకం మోకాళ్ల దాకనే కనబడ్తది.
నా కాళ్లు, ఆమె కాళ్లు,
ఎండిన ఒండ్రుల మేకల గిట్టలు,
ఎవరిదో ఒక్క చెప్పు.
నది ఏడ మొదలైందో
అరికాలు చెప్పాలె.

దించుడు ఇంకో పని.
ఇసిరేస్తే నీళ్లు తాగుతది,
ఈడిస్తే అడుగు చీరుకపోతది.
జొన్నరొట్టెను పెనం మీద ఏసినట్టు
ఓ అంచు ముందు తగలాలె,
తక్కినదంతా దానెంబడి.
మొదటి దినం
మూడు రొట్టెలు మాడ్చిన.

ఎక్కి తెడ్డేసిన. పుట్టి తిరిగింది.
ఇంకింత గట్టిగేసిన.
ఇంకింత తిరిగింది.
సోమశిల గుట్ట ఓపారి,
సిద్ధేశ్వరం ఒడ్డు ఓపారి,
తిమ్మక్క ఓపారి, మళ్ల గుట్ట.
ఆటోకు ముందుంటది, ఎనకుంటది.
దీనికి ముందు ఏడున్నదక్కా?
"నువ్వు ఎటు మొగం పెడితె గదే"
అన్నది, వక్క కొరుక్కుంట.

ఎనిమిదో దినం బరువెక్కిచ్చుడు.
సజ్జల బస్తాలు రెండు, వలల మూట,
అంగన్‌వాడీ కోడిగుడ్ల అట్టలు
ఆయమ్మతో సహా,
ఓ మేక,
యేడాది సంది మాటల్లేని
అన్నదమ్ములిద్దరు.
ఆటోల లెక్క
ఎనకనుంచి పేర్చుకుంట వచ్చిన.
పుట్టి ఓ పక్క పెదవి వంచింది.
నీళ్లు లోపలికి తొంగి చూసినయి.

దింపిచ్చింది. అన్ని దింపిచ్చింది.
బస్తాలు నడుమ, పండవెట్టి.
గుడ్లు ఆయమ్మ ఒళ్లె.
మేక మొగం నీళ్ల దిక్కు గాదు,
మనుషుల దిక్కు.
"పగున్నోళ్లను ఎదురుబొదురు కూసోవెట్టు.
పక్కపక్కన పెడితె
ఒకడు జరుగుతనే ఉంటడు."

నిజమే.
ఒకని భుజం మీదికెల్లి ఒకడు
నీళ్లను జూసుకుంట
తూకంరాళ్ల లెక్క కూసున్నరు.
ఆ ఒడ్డు తగులుతదనంగ
బస్తాకు కట్టిన తాడు ఎవరిదని
పెద్దోడు అడిగిండు.
చిన్నోడు మేకను చూసి చెప్పిండు,
నాదే అని.

రాంగ ఖాళీ.
ఖాళీ అంటే అల్కగ ఉంటదనుకున్న.
నట్టేట్ల గాలి లేసింది.
పోంగ చెప్పినట్టిన్న పుట్టి
ఎండు మోదుగాకు లెక్క అయింది.
మోకాళ్ల మీద కూలవడి
గాలిని తిట్టిన, ఏనుగును తిట్టిన,
ఫైనాన్సోళ్లను పేర్లు పెట్టి తిట్టిన.

ఒడ్డెక్కినంక తిమ్మక్క
గుడిసె ఎనకనుంచి
ఇసుర్రాయి కిందిబిళ్ల దొర్లిచ్చుకొచ్చింది,
నడుమ మేకు ఊడిన బొక్కతోని.
"రాంగ ఇది ఏసుకో.
ఖాళీ పుట్టి మాటినదు."

ఏడిదక్కా అంటే
నీళ్ల దిక్కు గదువ ఎత్తింది.
డ్యాము నిండిన యేడు
దూలాలు అమ్ముకున్నరంట.
ఇసుర్రాయి పైబిళ్ల చెల్లె కొంటవోయిందంట,
ఏ ఊర్లె ఉన్నదో.
"ఉగాది దాటితె నీళ్లు దిగుతయి,
గా రెండు తుమ్మమోడుల నడుమ
తెడ్డు నిమ్మలంగెయ్యి."
ఎందుకని అడగబోయిన.
"గోడ తగుల్తది" అన్నది,
"పట్ట చినుగుతది."

ఇయ్యాల నేనొక్కణ్నే.
తోలు ఏనుగును
రాయి బొక్కల మేకు లెక్క దిగ్గొట్టిన.
ఒడ్డుమీదికెల్లి ఎవరో కేకేస్తున్నరు,
మోటర్‌సైకిలున్నది, పడ్తదా అని.
అలవాటున టైరు దిక్కు పోయిన చూపును
మర్లిచ్చుకొని
అంచుకు, నీళ్లకు నడుమ
ఎన్ని ఏళ్లు సందున్నదో జూసి
జర ఆగమన్న.