కమీషన్ పోగా

గంటస్తంభం దాటాక చెప్పుల షాపు మేడమెట్ల కింద
నా కౌంటరు.
అద్దం, అద్దంలో చెయ్యి పట్టేంత కంత.
అందులోంచి మొహాలు కనబడవు.
పన్నెండేళ్లుగా చేతుల్నే చదువుతున్నాను.

ఐదో తారీకున ఒక చెయ్యొస్తుంది,
బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయిన చెయ్యి.
రాత్రంతా కంటోన్మెంటు వీధుల్లో కర్రతో నేల తట్టి
పగలు నూడిల్స్ బండి దగ్గర క్యాబేజీ తరుగుతుంది.
ఊరు మొత్తానికి అతను బహదూరే.
ఫారంలో మాత్రం లోకేంద్ర రోకాయ, కాలికోట్ జిల్లా.
ఇంటికి ఇరవై అడిగితే
"మొన్నే కదేటి ఇచ్చినాం" అని
టీవీ ముందునుంచి లేవని వీధి అది.
చెమట వాసన పదులు, ఇరవైలు, అతికించిన ఒక యాభై,
మొత్తం నాలుగువేల ఆరొందలు.
కమీషన్ పోగా ఎంతని అడగడు.
రసీదు ముందు నుదుటికి, తర్వాత జేబులోకి.
రెండు నిమిషాల్లో ఆ డబ్బు కొండలెక్కేస్తుంది.

పదో తారీకున గరివిడి నుంచి ఇంకో చెయ్యి.
ఫెర్రో ఫ్యాక్టరీలో కొత్త కొలిమి కూర్చోబెట్టడానికొచ్చిన
పదకొండు రష్యా కుటుంబాల్లో ఒక ఇల్లాలు, తాయిసియా.
మా వీధి నాలుక మీద తయిసమ్మ.
బయట ఏసీ ఆపని కారు.
వాళ్లొచ్చాక సంతలో టమాటా ఐదు రూపాయలు పెరిగిందని
మా చెల్లి గోల.
నేనూ మనసులో లెక్కలేసేదాన్ని,
ఆవిడ కాఫీపొడి సీసా ఒకటి
అతని పదకొండు రాత్రులు.

కానీ తయిసమ్మ నోట్లు తిరిగొచ్చేస్తాయి.
కొత్తవి, మడత పడనివి,
చెల్యాబిన్స్క్‌లో తల్లికి వెళ్లాల్సినవి.
"దార్లన్నీ మూసేసారమ్మా, బేంకు తీసుకోదు"
అని ప్రతినెలా చెయ్యి అడ్డంగా ఊపుతాను.
బావి నిండా నీళ్లు, చేద లేదు.
అప్పుడు నాలో ఒక చిన్న సంతోషం కలిగేది,
దాచను,
వాళ్ల పరుపు కిందా ఒక ముల్లుందిలే అని.

మొన్న వాన రోజు ఇద్దరూ ఒకేసారి మెట్ల కిందకొచ్చారు.
కరెంటు పోయింది. గొడుగుల నీళ్లు నా రిజిస్టరు మీద.
రోకాయ చేతిలో డబ్బు లేదు, కాగితముంది.
"తమ్ముడు రష్యా వెళ్లాడు దీదీ.
ఏజెంటుకి తొమ్మిది లక్షలు. గోడౌన్లో పనన్నాడు."
ఆ ఏజెంటు నాకు తెలుసు.
పూసపాటిరేగ కుర్రాళ్లని గుజరాత్ పడవలెక్కించినప్పుడు
వాడి పేరు వేరు, అంతే.
మొదటి నెల రెండు లక్షలొచ్చాయట.
తర్వాత ఐదు నెలలు ఏమీ లేదు.
ఇప్పుడీ కాగితం,
అక్షరాలు అద్దంలో తిరగబడినట్టు.

తయిసమ్మ చెయ్యి చాపింది.
చదివింది. వెనక్కి తిప్పింది,
అటువైపు ఇంకేమైనా రాసుందేమోనని.
తెల్లకాగితం.

ఆవిడకొచ్చిన తెలుగు సంతలో నేర్చుకున్నది:
ఎంత, తగ్గించు, చాలు.
ఆ మూడింట్లోనే వెతుక్కుంది కాసేపు.
"చాలు" అంది అతనితో,
మళ్లీ మెల్లగా, "చాలు."
అతను కాగితం వైపే చూస్తూ
"ఇంకెన్నాళ్లకి పంపుతారట?" అన్నాడు.

ఆవిడ సంచీ విప్పి నోట్లన్నీ కంతలో పెట్టింది,
మడత పడనివన్నీ.
కాలికోట్ ఫారం మీద వేలు ఆనించింది.
రోకాయ వెనక్కి నెట్టాడు. ఆవిడ ముందుకి నెట్టింది.
నా అద్దం కింద కాసేపు ఆ రెండు చేతులూ,
చచ్చిన గోరూ, ఉంగరమూ.
ఎవరు ఉన్నవాళ్లో చెప్పమంటే
ఆ పూట నాకు లెక్క రాలేదు.

కరెంటొచ్చింది.
కంప్యూటరు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది,
పంపేవారికి, అందుకునేవారికి
సంబంధం ఏమిటి?
భార్య, తల్లి, కొడుకు, ఇతరులు.
అది నింపకపోతే ముందుకెళ్లదు.
వేళ్లు మీటల మీద పెట్టుకుని
కూచున్నాను.