బంపర్ మీద బొటనవేలు

షార్జా, పదమూడో ఇండస్ట్రియల్ ఏరియా.
ఆగస్టు. పొద్దుగాల తొమ్మిదికే
షట్టర్ ముట్టుకుంటె చెయ్యి కాలుతది.
ఏసుపాదం బంపర్‌ను చంకల పెట్టుకొని వచ్చిండు,
కత్తెర దొరికి తన జుట్టు తనే కోసుకున్న పిలగాని తీరు.

"నేనే ఏసుకున్నానండి," అన్నడు.
చెప్పకున్నా తెలుస్తనే ఉంది.

ఇరవై రెండేండ్ల సంది ఇదే పని నాది.
రంగును ఉత్తరం లెక్క చదువుతా.
ఈడ చెయ్యి ఆగింది, అందుకే కారింది.
ఈడ డబ్బా మస్తు దగ్గరికొచ్చి, భయపడి దూరం జరిగింది.
ఈడ గాలి లేసి ఇసుక కూసుంది.
ఈ మూల మసకబారింది:
రాత్రి సముద్రం మీంచి వచ్చిన తేమ
క్లియర్ కోటు కింద చిక్కుకొని
పాలు విరిగినట్టు విరిగింది.

"రాత్రిపూట కొట్టినవా?"
"పగలు ఎండ కదండి మరి."

గోరుతోని గీకిన.
ఉడికిన ఆలుగడ్డ పొట్టు తీరు
అరచేతంత పొర లేచొచ్చింది.

"ముందుగాల సబ్బుతో కడిగినవా?"
"కొత్తదే కదండీ, కడగడం ఎందుకు?"

అచ్చుల నుంచి తీసిన ప్లాస్టిక్ మీద నూనె ఉంటది,
అప్పుడే పుట్టిన దూడ మీది జిగట లెక్క.
ఆవు నాకితెనే దూడ లేస్తది.
కడగాలె, రుద్దాలె, మళ్ల కడగాలె.
నాలుగొందల కాగితం, ఆరొందలది, దాని మీద పట్టు మందు.
ఇనుముకైతే కనీసం తుప్పుతోటి సోపతి ఉంటది,
దీనికి ఎవ్వరితోటీ లేదు.
గుద్దితే వంగుతది. వంగిననాడు రంగు గూడ వంగాలె,
గోడ సున్నం తీరు బిగుసుకుంటె పగుల్తది.

ఇదంత ఆయనకు చెప్పలే.
"మూడొందల యాభై," అన్న.
డెబ్బై ఐదు పెట్టి డబ్బాలు కొన్నది
ఈ మాట వినకుండ ఉండేటందుకే అని
ఆయన మొఖం చెప్పింది.
ఎక్కువ తీసుకుంటరు మీరు, అంటరు అందరు.
ఎక్కువే.
అండ్ల నా పాలు ఎంతో చెప్తె నవ్వుతరు.

నల్ల గ్రిల్ అంచు మాత్రం గీత గీసినట్టుంది.
"టేపు మంచిగేసినవ్."
"అది మా కరుణమ్మండి.
డ్యూటీ దిగొచ్చి, పార్కింగులో ఫోను లైటు పట్టుకుంది
రెండు రాత్రులు. వాచ్‌మన్ గొడవకొస్తే
తనే మాట్లాడింది."

అప్పుడు కనబడ్డది.
ఎడమ దిక్కు, కింది అంచుకు,
వార్నిష్‌ల గడ్డకట్టి ఒక బొటనవేలు. చిన్నది.
ఆరిందా అని చూసినట్టుంది.
సుడి సుడంత తెలుస్తుంది.

నా బూత్‌ల ఆరు ట్యూబులైట్లున్నయి.
నాలుగు వేల బండ్లు కొట్టి ఉంట ఇప్పటికి.
ఒక్క దానికీ
ఎవ్వరూ నాకు లైటు పట్టలే.

పోయిన నెల ఐడీ ఆఫీసుల
అద్దం మీద వేలు పెట్టుమన్నరు.
మిషన్ ఎర్రగ వెలిగింది.
తుడుచుకొని పెట్టు, అన్నరు. ఇంకో వేలు, అన్నరు.
థిన్నర్, కాగితం, నీళ్లు, మళ్ల కాగితం.
"ఏం పని చేస్తవ్?" అని అడిగిందా పిల్ల,
నా చేతులు తిప్పి తిప్పి చూసుకుంట.

రంగు కలిపిన.
తలుపు మీద కోడు ఉంటది గాని
ఎనిమిది ఎండకాలాలు తిన్న తెలుపుకు ఏ కోడూ రాదు.
ఇంత పసుపు, గోరంత నలుపు.
నలుపు పడకుంటె ఆ తెలుపు కుదరది.

బొటనవేలు కాడికి వచ్చి ఆగిన.
ఉంచి కొడితె పైకి తేలుతది, పని చెడుతది.
రుద్దిన.
మూడు రుద్దులకే పోయింది,
తెల్ల నీళ్లయి కాల్వల కలిసింది.

మర్నాడు మాపటికి ఇద్దరొచ్చిన్రు.
ఆమె మళ్ల ఫోను లైటు వేసి
ఈ కొస నుంచి ఆ కొస దాక చూసింది.
ఎడమ దిక్కు కింద కొంచెం సేపు ఆగింది.
"ఆరిందా అన్నా?"
"ఆరింది. ముట్టుకో అమ్మా."
వేలు పెట్టి తీసింది.
ఏమీ అంటలే.

మూడొందలే తీసుకున్న.
యాభై ఏమైందని ముదీర్ అడిగితె
టేపు పని వాళ్లే చేసుకొచ్చిన్రని చెప్పిన.