చట్రం కింద అంగుళం

ఫాలన్ పబ్బు గోడ మీంచి
నా బల్ల మీదికి దిగింది బాలినస్లో గుర్రాల సంత.
ఎన్నేళ్ళ చుట్టపొగో, పొయ్యిలో పీట్ మట్టి పొగో
టీ డికాషన్‌లా పేరుకుపోయింది.
పుల్లకి దూది చుట్టి, ఉమ్మితో తడిపి
ఒక మూల నుంచి మొదలుపెట్టాను.
సీసాల్లో మందులున్నాయి గాని
పాత రంగుకి ఉమ్మే మంచిది.

ముందు వాన తేలింది.
తర్వాత టోపీలు. అబ్బ, ఎన్ని టోపీలో!
కింద మొహాలు వెయ్యడానికి
చిత్రకారిణికి ఓపిక చాలలేదు కాబోలు,
ఓ ముక్కు, ఓ పైపు, అంతే.
గుర్రాలకి మాత్రం ఏ లోటూ చెయ్యలేదు.
ఒకదాని పెదవి ఎత్తి పళ్ళు చూస్తున్నాడొకడు.
పక్కవాడి మెడనరం చూస్తే తెలుస్తోంది,
పన్నెండేళ్ళదాన్ని ఏడేళ్ళదని ఒట్టేస్తున్నాడు.
సాసేజీల పెనం దగ్గర పాదిరిగారు
ఎవరూ చూడట్లేదనుకుని రెండోది అందుకుంటున్నారు.

నడిమధ్య బూడిదరంగు ఆడగుర్రం.
అమ్మేవాడి అరచెయ్యి, కొనేవాడి అరచెయ్యి,
వాటి మధ్య జానెడు గాలి.
ఇద్దరి మణికట్లూ పట్టి దళారి లాగుతున్నాడు
ముహూర్తం దాటిపోతున్నట్టు.

గుర్రం మెడలోని తాడు ఎడమకి సాగి
చట్రం అంచున తెగిపోతుంది.
అవతలి కొస ఎవరి చేతిలో ఉందని
పబ్బులో పందేలు కాసేవారట.
"నా చేతిలో" అనేదట నోనీ మానియన్
గ్లాసులు కడుగుతూ.
నవ్వి, ఇంకో గ్లాసు జరిపేవారట.
పబ్బు మూసేసిన రోజు
జీతం బాకీ కింద ఈ బొమ్మే ఇమ్మంది.

పాత చట్రం ఊడదీశాను. మేకులన్నీ తుప్పు.
కొయ్య కప్పేసిన అంగుళం మేర
పొగ ఎరగని రంగు, నిన్న వేసినంత పచ్చిగా.
అక్కడ, తాడు కొసన, ఓ పిడికిలి.
చిన్నది. చలికి కందిపోయింది.
చిరిగిన కోటు చేతి అంచు కొంచెం. మనిషి లేదు.

కబురు పెడితే వచ్చింది. ఎనభై దాటాయి.
కళ్ళద్దాలు తుడుచుకుని వంగింది.
ఏడుస్తుందేమోనని కుర్చీ జరిపాను.
కూర్చోలేదు.
"తాడు వదలమన్నారు. వదల్లా.
కొన్నాయనకి కలిసిరావాలని
మా నాన్న ఓ కాసు వెనక్కిచ్చాడు, అది ఆచారం.
ఆయన మంచివాడు. ఆ కాసు నాకు చాచాడు.
చెయ్యి తెరిచాను."
ఇంక మాట్లాడలేదు. బయట లారీ ఒకటి
వెనక్కి వస్తూ చాలాసేపు కూసింది.

కొత్త చట్రం అంగుళం వారగా కోశాను.
తొంభై యూరోలన్నాను. యాభై అంది.
ఎనభై. యాభై.
కాలవ దాటనని మొరాయించిన గుర్రంలా
అక్కడే నిలబడింది.
చివరికి డెబ్బైకి
అరచేతిలో ఉమ్మి, చాచింది.
చప్పుడయ్యేలా కొట్టాను.
ఆచారం తప్పకూడదు గదా,
రెండు యూరోల బిళ్ళ వెనక్కిచ్చాను.

బిళ్ళకేసి చూసింది.
పిడికిలి కోటు జేబులో పెట్టుకుని
"ఈసారి వద్దులే" అంది.