ఒకే ఇంటికి మూడు చుక్కలు

పోయిన వారం దాకా నేను పార్సిళ్ళు పంపేవాణ్ణి.
చెప్పుల జత ఏ సందులోకి, టీ కెటిల్ ఏ అంతస్తుకి.
పటం అదే, వీధులు అవే.
ఇప్పుడు గుడారంలో, మోకాళ్ళ మీద,
లారీ బ్యాటరీ పాలు తాగి బతికే ల్యాప్‌టాప్.

ఎర్ర చుక్క అంటే ఎవరూ ఇంకా వెళ్ళలేదని.
పసుపు అంటే తవ్వుతున్నారని.
బూడిద రంగు అంటే ఏమిటో
ముజ్గాన్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాత్రి రెండింటికి చినార్లీ వీధిలో
మూడు చుక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటూ.
గుల్‌పినార్ అపార్ట్‌మెంట్, పదకొండు మంది.
రొట్టెల బట్టీ పైన ఇల్లు, పదకొండు మంది.
మూడోది, ఎవరో గడ్డకట్టిన వేళ్ళతో ఊపిరి తీసుకోకుండా కొట్టింది:
మా పెద్దమ్మ బెహియే ఇల్లు నీలం గేటు పదకొండు మంది తొందరగా రండి

మూడు జట్లు బయల్దేరాయి.
పక్క వీధిలో ఒక ఎర్ర చుక్క
ఎప్పటినుంచో రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

ఆ బట్టీకి యీస్ట్ పెట్టెలు మేమే చేర్చేవాళ్ళం.
నీలం గేటు నాకు తెలుసు. బెల్లు పనిచేయదు,
తలుపు మీద కొట్టండి అని
ప్రతి ఆర్డరు కిందా రాయించేది ఆ పెద్దమ్మ.
మూడు పేర్లు. ఎక్కే మెట్లు మాత్రం అవే.

దీనికో బటన్ ఉంది: కలిపేయి.
నొక్కితే అడుగుతుంది, నిజంగానా? అని.
నొక్కాను.
ముప్పై మూడు పదకొండైంది.
ఒక్క క్షణంలో ఇరవై రెండు మంది,
ఎప్పుడూ పుట్టనివాళ్ళు,
శిథిలాల కిందనుంచి నడిచి వెళ్ళిపోయారు
దుమ్మైనా అంటకుండా.
నవ్వొచ్చింది. ఆ తర్వాతే చేతులు వణికాయి.
నా జ్ఞాపకం తప్పైతే?

రెండు జట్లని దారి మళ్ళించాను.
జొంగుల్దాక్ బొగ్గుగనుల నుంచి వచ్చిన హైరెత్తిన్
రేడియోలో తిట్టాడు: "మనుషులమయ్యా,
నీ చదరంగంలో బంట్లం కాదు!"
తిడుతూనే పక్క వీధికి తిరిగాడు.
ఎర్ర చుక్క పసుపైంది.

ఇంకో బటన్ ఉంది. దాని పేరు నిశ్శబ్దం.
ఎస్కిషెహిర్‌లో ఎవరో అమ్మాయి రాసిందట ఆ కోడు,
తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు.
హైరెత్తిన్ అడిగాడు. నొక్కాను.
పేటంతా అందరి జేబుల్లో ఒకేసారి ఒక వణుకు.
పొక్లెయిన్లు ఆగాయి. జనరేటర్లు ఆగాయి.
ఏడ్చేవాళ్ళు తలగుడ్డల అంచులు పళ్ళ మధ్య బిగించారు.
మెక్సికో నుంచి వచ్చిన కుక్క
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచింది.

"నా గొంతు వినేవాళ్ళెవరైనా ఉన్నారా?"

నలభై సెకన్లు. యాభై.
తెర మీద ఒక గడి: శబ్దం వినిపించిందా?
అవును. కాదు.
ఏమో అనడానికి చోటు లేదు.

అప్పుడు హైరెత్తిన్, గుసగుసగా, మొదటిసారి తిట్టకుండా:
"ఎవరో పైపు మీద కొడుతున్నారు.
మూడుసార్లు. ఆగి, మళ్ళీ మూడు."

అవును.

నీలం గేటు చుక్క ఇంకా పసుపే.
ముజ్గాన్ ఇచ్చిన టీ చేతిలోనే చల్లారింది.
ఏదో ఒకటి చెయ్యాలని ఆ జట్టుకి రాశాను:
బెల్లు పనిచేయదు, తలుపు మీద కొట్టండి.
పంపాక గుర్తొచ్చింది,
తలుపు లేదని.