చూరు కొలత

మా పాలిటెక్నిక్ మూడో నంబరు గదిలో
మూడున్నరకి తెర వెలుగుతుంది.
వాళ్ళకి అప్పుడే పన్నెండు,
అయినా లైట్లు వేసుకునే కూర్చుంటారు.
డిసెంబర్లో అక్కడ సూర్యుడు
అలా తొంగిచూసి పోతాడట.

ఎస్తోనియా. పటంలో వెతికి చూపించాను.
అక్కడి కుర్రాడి పేరు ఊకు.
వెనక బెంచీ ఒకటే నవ్వు:
"కథ చెప్పండి మేడమ్, ఊ కొడతాడు."

రెండు జట్లకీ ఇచ్చిన పని ఒకటే.
మీ నేల మీద దొరికేవాటితో
నలుగురు తలదాచుకునే కప్పు గీయండి.
మొదటి వారం మావాళ్ళు గీసింది
పలాస రోడ్డు మీది షోరూమే:
అద్దాలు, స్లాబు, ముందర రెండు క్రోటన్ మొక్కలు.
ఊకు చూసి, కాస్త ఆగి, మర్యాదగా అడిగాడు:
"అద్దం మీ ఊళ్ళో దొరుకుతుందా?"

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను మాట్లాడింది.

ఆ ఆదివారం తామాడ హైమావతి
టేపు పట్టుకుని పెద్దమ్మ చుట్టింటికి వెళ్ళింది,
వజ్రపుకొత్తూరు అవతల, ఇసక దారిలో.
నిట్రాడు, వాసాలు, తాటాకు, మట్టిగోడ
అన్నీ కొలిచింది. చూరు దగ్గర ఆగింది.
నేల నుంచి రెండడుగుల తొమ్మిదంగుళాలు.
తప్పనుకుని మళ్ళీ కొలిచింది. అంతే.

తెర మీద ఊకు బాణంగుర్తు కూడా అక్కడే ఆగింది.
"ఇంత కిందికెందుకు? మనిషి వంగాలి కదా."
ఇరవై రెండేళ్ళుగా బిల్డింగ్ డ్రాయింగ్ చెబుతున్నాను,
నాకు తెలీదు.
హైమ ఫోను చేసి స్పీకరు పెట్టింది.
"ఏటే పిల్లా, గాలికి దొరక్కుండాలని గదేటి.
మనం ఒంగితే అది మీంచి ఎల్లిపోద్ది.
నిలబడ్డ గోడనే పట్టుకుంటాది."

దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి
నీలాద్రి చెయ్యి, నా చెయ్యి, చాక్‌పీసు, ఒక గొడుగు,
అన్నీ పనిచేశాయి.
ఊకు ఊ కొట్టాడు, నిజంగానే.
తర్వాత వాళ్ళ తాతల రెల్లుకప్పు చూపించాడు,
ఏటవాలుగా, మంచు జారిపోయేట్టు.
మాకు పక్కనుంచి వచ్చేది
వాళ్ళకి పైనుంచి వస్తుంది.

చివరి పట్టికలో ఒక గడి:
కట్టడం ఎన్నేళ్ళు నిలుస్తుంది?
స్లాబుకైతే యాభై రాస్తాం, ఆలోచించకుండా.
హైమ "మూడు" అని రాసింది.
కొట్టేయబోయాను.
"మూడేళ్ళకి ఆకు మారుస్తారు మేడమ్.
పాత ఆకు కొబ్బరి మొక్కల మొదట్లో వేస్తారు.
తిత్లీ తుపానుకి ఎగిరిపోతే
పదిరోజుల్లో మళ్ళీ నేసేశారు.
పక్కింటి స్లాబు పగులు ఇప్పటికీ అలాగే ఉంది."

బోర్డు మీద 'సుస్థిరం' అని ఉంది, నా దస్తూరీయే.
స్థిరం ముందు ఆ 'సు' ఏం చేస్తోందో
ఇన్నాళ్ళూ చూడలేదు.

నెట్ పోయింది.
ఊకు ముఖం సగం నోరు తెరిచి ఆగిపోయింది,
ఏదో అడగబోతూ.
పిల్లలు టెక్కలి బస్సుకి పరిగెత్తారు.
మార్కుల గడి ఇంకా ఖాళీ.
గది తాళం వేయడానికి బయటికొస్తూ,
ఎందుకో, గుమ్మం ఎత్తైనదే,
కొంచెం వంగాను.