కదురులు

రాత్రి పదిన్నర.
తిరుపతి రైల్వే స్టేషన్ వైపు నుంచి
గోవింద నామాలు సద్దుమణిగి
టీ గ్లాసుల చప్పుడు మిగిలిన వేళ
వల్లెమ్మ తల మీద ఇరవైయొక్క చోట్ల
చల్లటి పేస్టు పూసి తీగలు అంటిస్తాను.
"ఏందిమే ఇది?"
"పేస్టు అవ్వా. కడిగితే పోతాది."

నగరిలో నలభై ఏళ్లు కండెలు చుట్టిన మనిషి.
రక్తం ఒక్క పూట దారి తప్పినందుకు
మాటలన్నీ ఉండి, పేర్లు మాత్రం పోయినాయి.
పగలు డాక్టరమ్మ బొమ్మలు చూపించింది.
దువ్వెనకు "అది" అంది.
తాళంచెవికి "అదేమే, అది."
కండె చూపిస్తే నోరు తెరిచి, మూసి,
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
గాల్లో లేని దారాన్ని తిప్పింది.

ఎవరన్నారు మరిచిపోయిందని?
పేరు ఒక ఇంట్లో కాపురముంటుంది.
వేళ్ల తెలివి ఇంకో వీధిలో.
రంగు తల వెనక, చూపు దిగే చోట.
మగ్గం మోత చెవి పక్క సందులో.
కూలి ఎగ్గొట్టిన మేస్త్రి మీద కోపం
లోపలెక్కడో బాదంగింజంత గదిలో.
ఏ ఒక్క ఇంటికీ కండె మొత్తం తెలీదు.
కబురు పోవాల. కబురు రావాల.

మా తమ్ముడు చెంగల్రాయుడు కొండ బస్సు తోలతాడు.
ఎక్కేదానికొక దారి, దిగేదానికొక దారి.
వానకు బండలు జారిన రోజు మాత్రం
ఉన్న ఒక్క దారిలోనే పైవాళ్లను ఆపి
కిందివాళ్లను వదలతారంట.
"వాడు చెయ్యి ఊపిన క్షణం, నేను గేరేసిన క్షణం
ఒకటి కావాలక్కా.
లేకుంటే మలుపులో ముక్కూ ముక్కూ"
అన్నాడొకసారి, ముద్ద నోట్లో పెట్టుకుని.
నా పరీక్ష పుస్తకంలో ఇదే మాట
నాలుగు పేజీలుంది.

పన్నెండు దాటినాక తెర మీద గీతలు సాగిలబడతాయి.
పెద్ద అలలు, తీరిగ్గా.
ఆ అల వీపెక్కి
సన్నగా మొదలై, నడుమ లావై, మళ్లా సన్నబడే
ఒక్క సెకను వణుకు.
రిపోర్టులో స్పిండిల్ అని రాస్తాం.
కదురే అది. నూలు చుట్టుకున్న కదురు.
వల్లెమ్మా, నీ తలలోనే వడుకుతాండారు.

అడుగున, నా తీగలకందని లోతులో
సముద్రగుర్రంలా వంకర తిరిగిన చిన్న ముక్కొకటి
పగటి చిక్కు నూలంతా
ఎన్నో రెట్ల వేగంతో విప్పి విప్పి
పైకి అందిస్తుందంట.
నేను చూడలేదు.
పక్కింట్లో మగ్గం మోగితే
మనిషుందని నమ్మినట్టు నమ్ముతాను.

ఎడమ పక్క కదురులు రావు.
అక్కడ గీత, ఎండాకాలం స్వర్ణముఖి.
కుడి పక్క మాత్రం రెండు గంటలప్పుడు
ఎగబడి తిరిగినాయి.
నలభై దాకా లెక్కపెట్టి కాఫీకి పోయినాను.

నిన్నట్నుంచి ఐదుసార్లు చెప్పినాను నా పేరు.
రేణుక, అవ్వా. రే-ణు-క.
ఐదుసార్లూ తలూపింది.
ఐదుసార్లూ జారవిడిచింది.

ఆరింటికి తీగలు తీసి
వేణ్ణీళ్ల గుడ్డతో నెత్తి తుడుస్తాంటే
కళ్లు తెరిచింది.
నా వేళ్లు లాక్కుని వాసన చూసింది.
నుదుటి మీద చల్లదనం ఉందా అని తడుముకుంది.
నేను దగ్గేదాకా, ఆ గొంతు వినేదాకా
ఆగింది.
ఇన్ని ఇళ్ల తలుపులూ తట్టినాక
"పేస్టు పిల్లా," అంది, "ఏమన్నా తింటివా?"

నా పేరు కాదది.
రిపోర్టులో దానికి గడి లేదు.
తెగిన పోగుకు ముడేసి
కొసలు పంటితో కొరికినట్టుంది ఆ మాట.

కిందికి పోయి రెండు పొట్లాలు తెచ్చినాను.
విప్పి చూపించి
"ఇదేందవ్వా?" అన్నాను, ఆశగా.
ఇడ్లీ తుంచి కారంలో అద్దుకుంటా
"అదేమే," అంది. "అది."