మీటర్ గది

రాత్రి తొమ్మిదికి షట్టర్లు దిగిపోయాక
గంటస్తంభం వెనక వీధుల్లో
ఒక్క కిటికీలోనూ దీపం ఉండదు.
పొద్దంతా బట్టలు, స్టీలు సామాన్లు, బెల్లం బేరాలతో
మోచెయ్యి కదలనివ్వని చోట
పది దాటితే ఇక తగువులన్నీ కుక్కలవే.
అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ
రింగురోడ్డు అవతలికి నిద్రకి పోతారు.

"ఊరి నడిబొడ్డున నిద్రపోయేవాళ్ళు కావాలమ్మా మనకి"
అన్నారు మా సారు, కాగితం పరుస్తూ.
ఆ మాట నాకు నచ్చింది.
మూతబడ్డ నువ్వుల నూనె మిల్లు స్థలం,
పద్దెనిమిది వందల గజాలు,
ఐదంతస్తులు, ముప్పై రెండు ఇళ్ళు.
ముప్పై రెండు చోట్ల పొద్దున్నే ఎవరో
దుప్పటి దులుపుతారు.

కొలతలకి వెళ్ళినరోజు
టేపు రెండో కొస పట్టుకోవలసిన కుర్రాడు రాలేదు.
కనకాంబరాలు కట్టుకుంటున్న దాలమ్మ
దండ తెంపకుండానే లేచి
కొసని కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టింది.
తూర్పు గోడ నుంచి గానుగ దిమ్మ దాకా
నలభై రెండడుగుల మూడంగుళాలు.
ఆ దిమ్మ పక్కనే
ముప్పై ఏళ్ళుగా రాత్రుళ్ళు ఆమె బండి నిలిచేది.

"ఏటి గీత్తన్నావే గుంటా?"
చూపించాను.
వేలు పెట్టి కాగితం మీద నడిచింది,
గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికన్నట్టు కాసేపాగి.
"గుమ్మం ముంగట కూకోడానికి జాగా ఏదే?
మరి మడిసి సచ్చిపోతే?
ఈ పెట్టెలో పీనుగుని నిలబెట్టి దింపుతారేటి?"

నేను నవ్వలేదు.
స్కేలు తీసి లిఫ్టు కొలిచాను.
నాలుగుకి నాలుగు.

నేనుండేది అద్దె గది.
కిటికీ తెరిస్తే పక్కింటి గోడ
ఆరంగుళాల దూరంలో, సున్నం కూడా వెయ్యని గోడ.
ఆ రాత్రి దానికి ఎదురుగా కూర్చుని
లిఫ్టు పొడవు ఏడడుగులు చేశాను.
మెట్లు మలుపు తిరిగేచోట
మోసేవాళ్ళు భుజం మార్చుకునేంత జాగా.
వంటిళ్ళన్నీ నడవాలోకే చూస్తాయి,
ఎవరింట చేప వేగుతోందో ఆ అంతస్తుకంతా తెలియాలని.
నడవా ఆరడుగులు,
ఇద్దరు కూర్చున్నా మూడో మనిషి దాటిపోయేలా.

సారు ఎర్రపెన్నుతో వచ్చారు.
"నడవా ఎవడు కొంటాడమ్మా?"
ఆరు నాలుగున్నర అయింది.
వంటిళ్ళు వెనక్కి తిరిగాయి.
పెన్ను లిఫ్టు దగ్గరికొచ్చినప్పుడు
"స్ట్రెచరు సార్" అన్నాను.
పీనుగు అనలేదు.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని
తర్వాతి కాగితం తిప్పారు.

ధరల బోర్డు పెట్టారు మిల్లు గోడకి.
చదరపుటడుగు నాలుగువేల రెండొందలు.
దాలమ్మ నాచేత చదివించుకుంది.
మూర ఇరవై చొప్పున లెక్క కట్టింది,
పెదాలు కదుపుతూ, దారం పంట కరిచి.
ఒక పాదం మోపేంత చోటుకి
రెండొందల పది మూరలు.
"పోన్లే, పైన మడుసులుంటే
కిందన పువ్వులు బేగి ఎల్లిపోతాయి కదేటి."
బండి ఎక్కడ పెడతావని నేనడగలేదు.
తనూ అడగలేదు.

మున్సిపాలిటీకి వెళ్ళిన ఆఖరి ప్లానులో
గేటు పక్కన, కుడివైపు,
మీటర్ గది ఉంది.
ముప్పై రెండు మీటర్లకి నిజానికి ఒక గోడ చాలు.
నేను ఎనిమిదికి ఐదు గీశాను.
తలుపు మూడడుగుల తొమ్మిదంగుళాలు, గడప లేదు.
అంతెందుకని ఇంకా ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పడానికి
కరెంటు వాళ్ళ నిబంధన ఏదైనా దొరుకుతుందేమోనని
వెతుకుతూనే ఉన్నాను.

బండి వెడల్పు మూడున్నర.
మొన్న ఆమె టీకి వెళ్ళినప్పుడు
నేనే కొలిచాను,
టేపు కొస
నా బొటనవేలి కింద తొక్కిపెట్టుకుని.